ఎంఎస్‌లో రెండు ఎమ్మారైలను పోల్చడం ఎలా: కనిపించే తేడా జబ్బుదా, కొలతదా?

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్: ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పొరను దెబ్బతీసే జబ్బు; దెబ్బతిన్న చోట్లు ఎమ్మారైలో మచ్చలుగా కనిపిస్తాయి) ఉన్నవాళ్లకు ఏడాదికోసారి టెన్షన్ పెట్టే రోజు ఒకటుంటుంది: ఎమ్మారై రిపోర్టు చేతికొచ్చే రోజు. "గత స్కాన్‌తో పోలిస్తే మచ్చలు కాస్త పెరిగినట్టున్నాయి" అన్న ఒక్క వాక్యం చాలు, మందు పనిచేయడం లేదా, మార్చాలా అన్న చర్చ మొదలవుతుంది. ఆ వాక్యాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? దానికి కావలసిన పనులు చాలావరకు రిపోర్టు రాకముందే, కొన్ని స్కాన్‌కు వెళ్లకముందే చేసుకోవాలి.

రెండు స్కాన్ల మధ్య తేడాకు కారణాలు మూడు. జబ్బు నిజంగా ముందుకు కదలడం ఒకటి. మెషిన్, సెట్టింగులు, తల పెట్టిన తీరు మారడం రెండోది. ఆ రోజు ఒంటి పరిస్థితి మూడోది. చివరి రెండింటి సంగతి తేల్చాకే మొదటిదాని గురించి మాట్లాడాలి. ఈ వరుస తప్పితే నష్టం రెండు వైపులా ఉంది: బాగా పనిచేస్తున్న మందును అనవసరంగా మార్చేస్తారు, లేదా నిజంగా వచ్చిన కొత్త మచ్చను "మెషిన్ తేడాలే" అని కొట్టిపారేస్తారు.

ముందు ఒక హెచ్చరిక. కొత్తగా చూపు మసకబారినా, కాలు చెయ్యి పట్టు తప్పినా, మాట, ప్రవర్తన మారినా ఈ జాగ్రత్తలన్నీ పక్కనపెట్టి వెంటనే డాక్టర్ని కలవండి. అప్పుడు దొరికిన మెషిన్‌లో స్కాన్ చేయించుకోవడమే సరైన పని. కింద చెప్పేదంతా ముందే అనుకుని చేయించుకునే స్కాన్ల గురించి.

1. దేన్ని పోలుస్తున్నారో ముందు విడదీసుకోండి

"ఎమ్మారైలో తేడా ఉంది" అంటే నాలుగు వేర్వేరు సంగతుల్లో ఏదైనా కావచ్చు. కొత్త మచ్చలు రావడం, పాతవి పెద్దవి కావడం. కాంట్రాస్ట్ మందు ఇంజెక్షన్ ఇచ్చాక వెలిగే మచ్చలు, అంటే ప్రస్తుతం వాపున్నవి. మచ్చలన్నీ కలిపి ఎన్ని మిల్లీలీటర్లున్నాయన్న లెక్క. మొత్తం మెదడు పరిమాణం ఎంత తగ్గిందన్న లెక్క. వీటిని ఒకే గాటన కట్టకూడదు. పోల్చదగిన రెండు స్కాన్లుంటే కొత్త మచ్చను పట్టుకోవడం వీటన్నిటిలోకీ నమ్మదగినది. మెదడు పరిమాణం లెక్క ఒక్క మనిషి విషయంలో అన్నిటికంటే తేలిగ్గా తప్పుదారి పట్టిస్తుంది. చిత్రమేమిటంటే రిపోర్టులో దశాంశాలతో, రంగుల గ్రాఫులతో దర్జాగా కనిపించేది అదే.

2. పాత స్కాన్‌ను పనికొచ్చే రూపంలో దాచుకోండి

ఫిల్మ్ చాలదు. ఫిల్మ్‌ను ఫోన్‌తో తీసిన ఫొటో అసలే పనికిరాదు. కావలసింది డైకామ్ ఫైళ్లు, అంటే మెషిన్ నుంచి వచ్చే అసలు డిజిటల్ బొమ్మలు. సీడీలోనో, పెన్‌డ్రైవ్‌లోనో, డౌన్‌లోడ్ లింకుగానో అడిగి తీసుకోండి. రేడియాలజిస్టు రెండు స్కాన్లనూ పక్కపక్కన పెట్టి ఒకే స్థాయిలో జరుపుకుంటూ చూడగలిగేది ఆ ఫైళ్లతోనే. పైగా మెషిన్ ఏది, ఎన్ని టెస్లాలు (అయస్కాంతం బలం), స్లైసు (మెదడును పొరలుగా కోసినట్టు తీసే ఒక్కో బొమ్మ) మందం ఎంత, ఏ సెట్టింగులు వాడారన్న వివరాలన్నీ ప్రతి డైకామ్ ఫైలులోనూ రాసి ఉంటాయి. రేపు ఎప్పుడైనా "ఈ తేడా ఎందుకొచ్చింది" అన్న ప్రశ్న వస్తే మొదట తెరవాల్సింది వాటినే.

ఫోల్డరుకు తేదీ, సెంటరు పేరు పెట్టి ఇంకో చోట కాపీ ఉంచండి. సీడీలు గీతలు పడతాయి, సెంటర్లు పాత డేటాను కొన్నేళ్లకు తీసేస్తుంటాయి.

3. ఒకే మెషిన్, ఒకే ప్రోటోకాల్: రెండూ కావాలి

"అదే సెంటర్‌లో చేయించాం కదా" అంటారు చాలామంది. అదే సెంటర్‌లో రెండు మెషిన్లుండొచ్చు. అదే మెషిన్‌కు ఈ ఏడాది సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ జరిగి ఉండొచ్చు, తల చుట్టూ పెట్టే కాయిల్ మారి ఉండొచ్చు. అందుకే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే పోయినసారి తేదీ చెప్పి, అదే మెషిన్‌లో, ఎంఎస్ ఫాలోఅప్ ప్రోటోకాల్‌తో (ఏ బొమ్మలు, ఏ సెట్టింగులతో తీయాలన్న జాబితా) కావాలని అడగండి.

ఎంఎస్ స్కానింగ్‌పై యూరప్, ఉత్తర అమెరికా నిపుణుల బృందాలు 2021లో కలిసి సిఫార్సులు ఇచ్చాయి. అందులో ప్రధానమైన సీక్వెన్స్ (ఒక రకం బొమ్మలు తీసే పద్ధతి) త్రీడీ ఫ్లెయిర్; ఇందులో ద్రవం నల్లగా, మచ్చలు తెల్లగా కనిపిస్తాయి. మెదడంతా 1 మిల్లీమీటరు ఘనాలుగా వస్తుంది కాబట్టి తల కాస్త వంగినా తర్వాత కంప్యూటర్‌లో సరిచేసుకోవచ్చు. త్రీడీ వీలుకాకపోతే స్లైసు మందం 3 మిల్లీమీటర్లకు మించకూడదు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. 3 టెస్లా మెషిన్ మంచిదే, కానీ 1.5 టెస్లాతోనూ పని జరుగుతుంది. నా దృష్టిలో ఏటా ఒకే 1.5 టెస్లా మెషిన్‌లో తీసిన స్కాన్లు, ఒక ఏడు 1.5లో, మరుసటి ఏడు 3లో తీసినవాటికంటే మేలు. బలమైన మెషిన్ అంతకుముందు నుంచీ ఉన్న చిన్న మచ్చలను కొత్తగా చూపిస్తుంది. రిపోర్టులో అవి "కొత్త మచ్చలు" అయిపోతాయి.

మెషిన్ల మధ్య తేడా ఎంత మొండిదో చూపించే ఉదాహరణ ఒకటుంది. ఉత్తర అమెరికాలోని నైమ్స్ అనే ఎంఎస్ ఇమేజింగ్ బృందం, జబ్బు నిలకడగా ఉన్న ఒకే ఒక్క పేషెంటును ఏడు సెంటర్లకు తిప్పింది. అన్నిచోట్లా ఒకే కంపెనీ 3 టెస్లా మెషిన్లు, ఒకే ప్రోటోకాల్, ప్రతిచోటా రెండేసి స్కాన్లు. 2017లో ఫలితాలు అచ్చయ్యాయి. మెదడు ఒకటే, మచ్చలు అవే. అయినా సెంటరు మారేసరికి మచ్చల పరిమాణం, మెదడు భాగాల పరిమాణం లెక్కలు మారాయి. ఇంత జాగ్రత్త పడ్డ పరిశోధనలోనే అలా ఉంటే, రెండు ఊళ్లలో రెండు కంపెనీల మెషిన్లలో తీసిన స్కాన్ల మిల్లీలీటర్లను తీసివేసి చూడటం వల్ల తెలిసేది చాలా తక్కువ.

4. స్కాన్ రోజు చేయాల్సినవి

నీళ్ల సంగతి చాలామందికి తట్టదు. దాదాపు 16 గంటలు నీళ్లు తాగకుండా ఉంటే మెదడు పరిమాణం సగటున అర శాతం పైచిలుకు తగ్గిందని, నీళ్లు తాగాక మళ్లీ పెరిగిందని 2005లో ఒక అధ్యయనం చూపించింది. ఎంఎస్‌లో ఏడాది మొత్తానికి జరిగే తగ్గుదల కూడా ఇంచుమించు ఆ స్థాయిలోనే ఉంటుందని గుర్తుంచుకుంటే దీని బరువు అర్థమవుతుంది. మామూలుగా తాగినట్టే నీళ్లు తాగి వెళ్లండి. కాంట్రాస్ట్ ఉందని ఏమైనా తినకుండా రమ్మన్నా, నీళ్లు తాగొచ్చా అని ప్రత్యేకంగా అడగండి.

వేళ కూడా లెక్కలోకి వస్తుంది. పొద్దుటి పూట కొలిచిన మెదడు పరిమాణం సాయంత్రం కొలిచినదానికంటే కొంచెం ఎక్కువ వచ్చే ధోరణి ఉంది. పోయినసారి ఉదయం అయితే ఈసారీ ఉదయమే స్లాట్ అడగండి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పడ్డ తేదీని రిక్వెస్ట్ ఫారం మీద రాయించండి. రిలాప్స్‌కు (జబ్బు మళ్లీ విజృంభించినప్పుడు) మిథైల్‌ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించాక కాంట్రాస్ట్‌తో వెలిగే మచ్చలు తాత్కాలికంగా ఆరిపోతాయి. ఆ తేదీ తెలియని రేడియాలజిస్టు "యాక్టివ్ మచ్చలు లేవు" అని రాస్తే, ఆ మాట నిజమే అయినా దాన్నిబట్టి జబ్బు సద్దుమణిగిందని అనుకోలేం.

కదలకుండా పడుకోవడం ఎలాగూ టెక్నీషియన్ చెప్తారు. ఎంఎస్ ఉన్నవాళ్లకు కండరాలు బిగుసుకుపోవడం, మాటిమాటికీ మూత్రం రావడం మామూలే కాబట్టి ముందే బాత్రూమ్‌కు వెళ్లి, మోకాళ్ల కింద దిండు అడిగి తీసుకోండి. బొమ్మ కదిలి మసకబారితే ఆ సీక్వెన్స్ మళ్లీ తీయమని అడగడానికి మొహమాటపడకండి. పోల్చడానికి పనికిరాని స్కాన్ ఉండి లాభం లేదు.

టెక్నీషియన్లకు ఒక మాట. తలను మాగ్నెట్ మధ్యకు తెచ్చే స్థానం ప్రతిసారీ ఒకేలా ఉండాలి, స్లైసులను కార్పస్ కలోసమ్ (మెదడు రెండు సగాలను కలిపే నరాల కట్ట) అడుగు గీతకు సమాంతరంగా పెట్టాలి. మాగ్నెట్ మధ్య నుంచి తల పైకో కిందికో జరిగితే గ్రేడియంట్ల (బొమ్మలో చోటును గుర్తించే అదనపు అయస్కాంత క్షేత్రాలు) వల్ల బొమ్మ కొద్దిగా సాగుతుంది, పరిమాణం లెక్క అక్కడే చెడుతుంది. మెషిన్‌లో ఉండే డిస్టార్షన్ కరెక్షన్‌ను ఒకసారి ఆన్, ఒకసారి ఆఫ్ చేయొద్దు. కాంట్రాస్ట్ మోతాదు కిలో బరువుకు 0.1 మిల్లీమోల్, ఇచ్చాక కనీసం 5 నిమిషాలైనా ఆగాలి, ఎంతసేపు ఆగారో అంతే ప్రతిసారీ ఆగాలి. ఆగిన కొద్దీ వెలిగే మచ్చలు ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి, ఒకసారి తొందరగా, ఇంకోసారి ఆలస్యంగా తీస్తే ఆ తేడా జబ్బు ఖాతాలో పడిపోతుంది.

5. సరైన బేస్‌లైన్ పెట్టుకోండి

బేస్‌లైన్ అంటే తర్వాతి స్కాన్లను దేనితో పోలుస్తామో ఆ స్కాన్. మందు మొదలుపెట్టకముందు తీసిన స్కాన్‌తో ఏడాది తర్వాత స్కాన్‌ను పోల్చడంలో ఒక చిక్కుంది. మందు పూర్తిగా పనిచేయడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ వ్యవధిలో వచ్చిన మచ్చ మందు ఓటమి కాదు, మందు అందుకోకముందు వచ్చినది. అందుకే మందు మొదలైన 3 నుంచి 6 నెలల మధ్య ఇంకో స్కాన్ తీసి, దాన్నే కొత్త బేస్‌లైన్‌గా పెట్టుకోమని 2021 సిఫార్సులు చెప్తాయి. నెమ్మదిగా పనిచేసే మందులకు ఈ గడువు ఇంకా పెరుగుతుంది. ఆ తర్వాత మామూలుగా ఏడాదికొకటి. నటాలిజుమాబ్ అనే ఎంఎస్ మందు వాడుతూ జేసీ వైరస్ వల్ల ముప్పు ఎక్కువున్నవాళ్లకు మాత్రం 3, 4 నెలలకోసారి కూడా తీస్తారు; అక్కడ వెతికేది ఎంఎస్ మచ్చలను మాత్రమే కాదు, ఆ వైరస్ మెదడులో తెచ్చే పీఎంఎల్ అనే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్‌ను కూడా.

బేస్‌లైన్ మార్చడానికి ఇంకో కారణం, మందు పనిచేయడం వల్లే మెదడు పరిమాణం తగ్గినట్టు కనిపించడం. వాపు దిగితే నీరు తగ్గుతుంది, నీరు తగ్గితే పరిమాణం తగ్గుతుంది. ముఖ్యంగా మొదటి 6 నుంచి 12 నెలల్లో ఇది జరుగుతుంది. కణాలు చచ్చి తగ్గడం వేరు, ఇది వేరు. మొదటి ఏడాది శాతాన్ని చూసి హడలిపోయేవాళ్లకు ఈ ఒక్క విషయం ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండుననిపిస్తుంది.

6. "కొత్త మచ్చ" అని రాస్తే, నమ్మే ముందు చూడాల్సినవి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. పేషెంటు ఒంటరిగా చేసే పని కాదిది. కానీ ఏం అడగాలో తెలిస్తే డాక్టర్‌తో మాట సాఫీగా సాగుతుంది.

మొదట, రిపోర్టులో ఏ తేదీ స్కాన్‌తో పోల్చారో రాశారా చూడండి. తేదీ లేకపోతే బొమ్మలను పోల్చారా, పాత రిపోర్టులోని అక్షరాలతో పోల్చారా అన్నది తేలదు. పాత రిపోర్టులో "కొన్ని మచ్చలు" అని, కొత్తదాంట్లో "అనేక మచ్చలు" అని ఉంటే అది ఇద్దరు డాక్టర్ల భాషలో తేడా మాత్రమే కావచ్చు.

తర్వాత బొమ్మల్లోకి వెళ్దాం. పాత స్కాన్ 5 మిల్లీమీటర్ల స్లైసులు, మధ్యలో 1 మిల్లీమీటరు ఖాళీతో తీశారనుకోండి. 4 మిల్లీమీటర్ల మచ్చ ఒకటి కొంత స్లైసులో, కొంత ఖాళీలో పడింది. ఖాళీలో పడ్డ ముక్క అసలు బొమ్మలోకే రాదు. స్లైసులో ఉన్న ముక్క చుట్టుపక్కల మామూలు కణజాలంతో కలిసిపోయి లేత బూడిద రంగు మరకలా వస్తుంది, కన్ను దాటేస్తుంది. ఈ ఏడాది గడ్డం కాస్త పైకెత్తి పడుకున్నారు. అదే మచ్చ స్లైసు నడిమధ్యలో పడి తెల్లగా మెరిసింది. కొత్త మచ్చ!

దీన్ని పట్టుకునే పద్ధతి ఇది. పాత స్కాన్‌లో ఆ స్లైసుకు పైదీ, కిందదీ కూడా తెరిచి ఆ చోట లేత మరక ఉందేమో చూడాలి. టీ2 అనే ఇంకో సీక్వెన్స్ బొమ్మల్లోనూ అదే చోట వెతకాలి. తల వాలిందా అన్నది గుర్తుపట్టడం తేలిక: ఒక పక్క లోపలి చెవి కనిపిస్తూ అదే స్లైసులో రెండో పక్క కనిపించకపోతే తల పక్కకు వాలినట్టు. చుట్టూ ఉన్న పాత మచ్చల ఆకారాలు కూడా ఒకేసారి మారి ఉంటే తేడా తల పెట్టడంలోనిది. పాత మచ్చలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండి, ఇదొక్కటే కొత్తగా ఉంటే అప్పుడు దాన్ని సీరియస్‌గా తీసుకోవాలి. కనీసం 3 మిల్లీమీటర్లు ఉందా, రెండు సీక్వెన్సుల్లో కనిపిస్తోందా అన్నవి తర్వాతి ప్రశ్నలు.

చోటు కూడా ముఖ్యమే. నాలుగో వెంట్రికల్ (మెదడు లోపల ద్రవం నిండిన గదుల్లో ఒకటి) చుట్టుపక్కల, బ్రెయిన్‌స్టెమ్ (మెదడు కాండం) ముందు భాగాన ద్రవం కదలిక వల్ల ఫ్లెయిర్‌లో లేనిపోని తెలుపు కనిపిస్తుంటుంది. అక్కడ టీ2లో కూడా ఉంటేనే లెక్క. వెంట్రికల్‌ను ఆనుకునో, కార్టెక్స్‌ను (మెదడు పై పొర) ఆనుకునో వచ్చిన కొత్త మచ్చకు ఎంఎస్ దృష్టిలో బరువెక్కువ. తెల్ల పదార్థం (మెదడులో నరాల తీగలుండే భాగం) లోతుల్లో చిన్న చుక్క ఒకటి పెరిగితే మైగ్రేన్, బీపీ, వయసు కూడా కారణం కావచ్చు.

త్రీడీ ఫ్లెయిర్ రెండుసార్లూ ఉంటే ఇంకా మంచి దారి ఉంది. రెండు బొమ్మలనూ కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి ఒకదాంట్లోంచి ఇంకోటి తీసివేస్తే, మారనిదంతా బూడిద రంగులో కలిసిపోయి కొత్త మచ్చ ఒక్కటే బయటపడుతుంది. పక్కపక్కన పెట్టి కంటితో వెతికినదానికంటే ఈ సబ్‌ట్రాక్షన్ పద్ధతిలో ఎక్కువ కొత్త మచ్చలు దొరుకుతాయి. మీ సెంటర్‌లో ఉందేమో అడగండి.

కాంట్రాస్ట్‌తో వెలిగే మచ్చల విషయం చిన్నదే. ఒక మచ్చ వెలిగేది సగటున మూడు వారాలు. ఏడాదికోసారి తీసే స్కాన్‌లో ఏదీ వెలగలేదంటే గత కొన్ని వారాల సంగతి తెలిసింది, అంతే. మధ్యలో వచ్చి చల్లారినవి ఫ్లెయిర్‌లో మచ్చలుగా మిగులుతాయి కాబట్టి, పోల్చదగిన పాత స్కాన్ ఉన్నవాళ్లకు ఫాలోఅప్‌లో చాలాసార్లు కాంట్రాస్ట్ లేకుండానే పని జరుగుతుంది. కాంట్రాస్ట్ మందులోని గాడోలినియం అనే లోహం కొద్దిగా మెదడులో మిగిలిపోతుందని తెలిశాక ఈ ఆలోచన ఇంకా బలపడింది. 2017లో యూరప్ నియంత్రణ సంస్థ కొన్ని లీనియర్ రకం కాంట్రాస్ట్‌ల వాడకాన్ని ఆపేసింది కూడా.

7. శాతాలను, మిల్లీలీటర్లను చూసే తీరు

మెదడు పరిమాణం ఆరోగ్యవంతుల్లో కూడా ఏడాదికి సుమారు 0.1 నుంచి 0.3 శాతం తగ్గుతుంది. ఎంఎస్‌లో అది 0.5 నుంచి 1.35 శాతం దాకా ఉండొచ్చు. రెండింటి మధ్య గీతగా ఏడాదికి 0.4 శాతం అన్న అంకెను 2015లో ఒక పరిశోధక బృందం సూచించింది. 1200 మిల్లీలీటర్ల మెదడులో 0.4 శాతమంటే 4.8 మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూన్ నీళ్లు. రెండు స్కాన్లనూ నేరుగా పోల్చే సియానా లాంటి మంచి సాఫ్ట్‌వేర్‌కే కొలత పొరపాటు 0.15 నుంచి 0.2 శాతం దాకా ఉంటుంది. దానికి దాహం, వేళ, తల స్థానం, మందు వల్ల దిగిన వాపు కలపండి. వందలమందితో చేసే డ్రగ్ ట్రయల్‌లో ఈ పొరపాట్లు ఒకదాన్నొకటి కొట్టుకుపోయి సగటు నిలబడుతుంది. ఒక్క మనిషి, రెండు స్కాన్ల మధ్య అలా కొట్టుకుపోయే వీలు లేదు. ఈ కారణాలతోనే ఒక్కొక్క పేషెంటు చికిత్స నిర్ణయానికి ఈ కొలతను రోజువారీగా వాడమని 2021 సిఫార్సులు చెప్పలేదు. చూడాలనుకుంటే మూడు నాలుగేళ్ల వరుసను, అదీ ఒకే మెషిన్, ఒకే సాఫ్ట్‌వేర్ వెర్షన్‌తో లెక్కగట్టినదాన్ని చూడండి.

మచ్చల మొత్తం తగ్గితే సంబరపడటంలోనూ తొందర వద్దు. వాపు దిగి మచ్చ చిన్నదైతే మంచిదే. కానీ వెంట్రికల్ పక్కనున్న మచ్చలో కణజాలం కరిగిపోయి ఆ చోటు ద్రవంతో నిండినా లెక్కలో మచ్చ "తగ్గుతుంది".

8. మీ సెంటర్ కొలత ఎంత ఊగుతుందో లెక్కగట్టండి

ఇది కొలతలు తీసేవాళ్లకు, పీజీ విద్యార్థులకు, మిగతావాళ్లు దాటేయొచ్చు. కొంతమంది పేషెంట్లను అనుమతి తీసుకుని ఒకేరోజు రెండుసార్లు స్కాన్ చేయండి. మధ్యలో వాళ్లను టేబుల్ దింపి మళ్లీ పడుకోబెట్టాలి. అలాగే ఉంచి రెండోసారి తీస్తే తల పెట్టడంలోని తేడా లెక్కలోకి రాదు, పొరపాటు నిజానికంటే తక్కువ కనిపిస్తుంది.

పద్ధతి చూపడానికి నలుగురితో ఒక ఊహాత్మక లెక్క. మచ్చల పరిమాణంలో రెండు స్కాన్ల తేడాలు 0.2, 0.4, 0.3, 0.1 మిల్లీలీటర్లు. వర్గాలు 0.04, 0.16, 0.09, 0.01; మొత్తం 0.30, సగటు 0.075. రెండుతో భాగిస్తే 0.0375, దాని వర్గమూలం 0.19; ఇది ఒక్కో కొలతలోని పొరపాటు. దీన్ని 2.77తో (రెండు కొలతల తేడాకు 95 శాతం హద్దు ఇచ్చే గుణకం) గుణిస్తే దాదాపు 0.54. అంటే ఈ సెంటర్‌లో ఒక పేషెంటు అంకె 6.2 నుంచి 6.6కు పోతే మార్పు ఉందని చెప్పలేం, 7.0కు పోతే కొలత ఊగిసలాటను దాటిందని చెప్పొచ్చు. నిజం లెక్కకు నలుగురు చాలరు. మచ్చలు ఎక్కువున్నవాళ్లలో పొరపాటు కూడా పెరుగుతుంది కాబట్టి బ్లాండ్-ఆల్ట్‌మన్ ప్లాట్ (రెండు కొలతల సగటుకు ఎదురుగా వాటి తేడాను చూపే గ్రాఫ్) గీసి చూడాలి.

ఐసీసీ (రెండు కొలతలు ఎంత బాగా కలుస్తున్నాయో చెప్పే గణాంక అంకె; గరిష్ఠం 1) 0.99 వచ్చిందని ఊరుకోవద్దు. ఒకరికి 1 మిల్లీలీటరు, ఇంకొకరికి 40 ఉన్న గుంపులో ఐసీసీ ఎలాగూ ఆకాశంలోనే ఉంటుంది. ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అన్నది మాత్రమే అది చెప్పింది. ఒకే మనిషిలో అర మిల్లీలీటరు మార్పును పట్టగలరా అన్నదానికి అందులో జవాబు లేదు.

9. మెషిన్ మారక తప్పనప్పుడు

సెంటర్‌లో కొత్త మెషిన్ పెడతారు, మీరు ఊరు మారతారు, ఇవి ఆగవు. వీలుంటే పాత మెషిన్ తీసేసే ముందు కొద్ది రోజుల తేడాతో రెండింటిలోనూ స్కాన్ చేయించుకోండి. అప్పుడు రెంటి మధ్య తేడా మెషిన్లదేనని తెలుస్తుంది. అది కుదరకపోతే కొత్త మెషిన్‌లో మొదటి స్కాన్‌ను కొత్త బేస్‌లైన్‌గా రిపోర్టులో రాయించండి. ఆ స్కాన్‌లో స్పష్టంగా పెద్ద కొత్త మచ్చ కనిపిస్తే అది లెక్కే. అంచున ఉన్న అనుమానాలకు మాత్రం వెంటనే మందు మార్చే బదులు, అదే కొత్త మెషిన్‌లో 3 నుంచి 6 నెలల్లో ఇంకో స్కాన్ తీసి చూడొచ్చా అని న్యూరాలజిస్టును అడగండి. పరిశోధనల్లో మెషిన్ల తేడాను తగ్గించడానికి కాంబాట్ లాంటి గణాంక పద్ధతులున్నాయి, కానీ అవి గుంపుల కోసం చేసినవి. ఒక్క పేషెంటు సీడీని వాటితో సరిచేయలేం.

పాత మెషిన్ స్కాన్ల ఫైళ్లను మాత్రం పారేయకండి. మిల్లీలీటర్ల లెక్కకు అవి పనికిరాకపోయినా, ఒక మచ్చ ఐదేళ్ల క్రితం ఉందా లేదా అన్న ప్రశ్న వచ్చినప్పుడు రేడియాలజిస్టు మొదట అడిగేది వాటినే.